పాత మైకు గది పాస్‌వర్డ్

పాత లాగిన్ తీసేసి కొత్తది పెడుతున్నామని నోటీసు అంటించిన రోజు నుంచీ బస్టాండు కార్యాలయంలో కంప్యూటర్లు చూసే నా గది ముందు వరస తెగలేదు. అందరిదీ ఒకటే పాట: పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నాం, అదే తప్పంటోంది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అనలేదు. పాత పాస్‌వర్డుతో కొత్త పేజీలోకి ఒక్కసారి వెళ్తే చాలు, ఖాతా దానంతటదే ఇటు వచ్చేస్తుంది. వెళ్లలేనివారి ఖాతా శుక్రవారం సాయంత్రం ఐదింటికి పాత యంత్రంతో పాటే పోతుంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మైకక్క వచ్చింది. ఇరవై రెండేళ్లు బస్సుల రాకపోకలు చెప్పింది ఆమే. ఐదేళ్ల కిందట ఆపరేషనయ్యాక గొంతు పోయి గుసగుస మిగిలింది. ఇప్పుడు స్టాండులో యంత్రం మాట్లాడుతుంది, ఒక్క తప్పు లేకుండా, ఎవరి చెవికీ ఎక్కకుండా. అక్క చెయ్యి పట్టుకుని నాలుగేళ్ల మనవరాలు నిలబడింది.

"నా పాత మైకు రికార్డులు కావాలి తమ్ముడూ," అంది. వినడానికి ముందుకు వంగాల్సి వచ్చింది. "దీనికి నా గొంతు తెలీదు. నేను పుట్టడమే ఇలా పుట్టాననుకుంటోంది."

ఆ రికార్డులకు ఆమె పాస్‌వర్డే తాళం. నేను కూడా తియ్యలేను. అంత గట్టిగా కట్టింది నేనే, అప్పట్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను కూడా. ఎవరు తీసిన గోతిలో వారే పడటమంటే ఇదే.

ఐదుసార్లు తప్పు కొడితే కొత్త పేజీ మర్నాటిదాకా మూతపడుతుంది. అక్క పొద్దున కింది గదిలో మూడుసార్లు కొట్టి వచ్చింది. నా ముందు నాలుగోసారి కొట్టింది. తప్పంది.

"మర్చిపోయావేమో అక్కా."

"ఎలా మర్చిపోతాను? మామ్మగారి మంచం. మా మామ్మ మంచం మీద కూర్చునే చదువుకున్నాను." ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీ లేకుండా కాగితం మీద రాసి చూపించింది. తప్పేమీ కనబడలేదు. గంట మూడున్నరయింది. నాకు ఆ కొత్త పేజీని కట్టినవాళ్ల మీద ఒళ్లు మండింది.

ఏం చెయ్యాలో తోచక పాత మైకు గది గురించి మాట్లాడుకున్నాం. గోడలకు పాత దుప్పట్లు కొట్టిన గది, ఒకటే కుర్చీ. చప్పుడు పడకూడదని రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపేసేవాళ్లం. అక్క చెమటలు కక్కుతూనే ఆలస్యమైన బస్సుకు కూడా మర్యాదగా క్షమాపణ చెప్పేది. నేను తలుపు దగ్గర టీ గ్లాసు పట్టుకుని నవ్వు ఆపుకునేవాణ్ణి. ఎంత హాయిగా ఉండేదో ఆ రోజుల్లో ఉద్యోగం.

టీ గ్లాసు. అప్పుడు గుర్తొచ్చింది.

ఒకనాడు ఆ గ్లాసు కీబోర్డు మీద ఒలికింది. జేబురుమాలుతో తుడిచాను. అన్ని మీటలూ పనిచేశాయి, ఎమ్ ఒక్కటే చచ్చింది. రికార్డింగుకు అంకెలు చాలు కదా అని తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. వారం తిరక్కుండా అదే కీబోర్డు మీద అక్క చేత పాస్‌వర్డు పెట్టించాను. ఆ తెర మీద పాస్‌వర్డు కొడుతుంటే చుక్కలు కూడా పడేవి కావు. ఆమె కొట్టిన ఎమ్‌లు ఒక్కటీ లోపలికి వెళ్లనే లేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఆ కీబోర్డు మీదే కొట్టింది కాబట్టి తేడా తెలియలేదు.

"అక్కా, ఒకటి చెప్తాను, తిట్టకు," అని మొత్తం చెప్పేశాను.

"టీ పోసింది నువ్వేనని అప్పుడే తెలుసు. గదంతా అదే వాసన. ఎమ్ సంగతే తెలీదు."

మిగిలింది ఒక్క అవకాశం. కాగితం మీద ఐదు ఎమ్‌లూ గీత పెట్టి కొట్టేసి ఆమె ముందు పెట్టాను. అక్క ఒంటివేలితో ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టింది. పేజీ తెరుచుకుంది.

మొదటి రికార్డు పెట్టాను.

"ప్రయాణికులకు గమనిక. మూడో నంబరు దగ్గర ఆగి ఉన్న బస్సు మరి పది నిమిషాల్లో బయలుదేరుతుంది. పెద్దవాళ్లను ముందు ఎక్కనివ్వండి. మీ సామాను ఒకసారి చూసుకోండి."

నిండు గొంతు. బయట వరసలోని గోల ఆగిపోయింది. సీనియర్ డ్రైవరొకడు తలుపు దగ్గరకు వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఎన్ని పొద్దులు ఆ గొంతు వింటూ పనిలోకి వచ్చానో.

అక్కకు ఆ మాటలన్నీ కంఠతా వచ్చు. రికార్డుతో పాటే పెదవులు కదిపింది. మనవరాలు ఒకసారి స్పీకరు వంక, ఒకసారి ఆ పెదవుల వంక చూసింది. రికార్డు అయిపోయింది. పిల్ల స్పీకరు వైపు తిరగలేదు. కుర్చీ ఎక్కి నానమ్మ మెడ మీద అరచెయ్యి ఆనించింది.

"ఇంకోసారి చెప్పు నానమ్మా," అంది.