క్రేను బ్రేకు

నవ్వింది, నేను తలుపు వేయగానే నర్సు నవ్వింది, మా ఆవిడా నవ్వింది, అది నా గురించే, ఇంకెవరి గురించి నవ్వుతారు, ఈ వార్డులో ఈ పూట వింత నేనొక్కడినే, ఆపరేషన్ అయ్యాక పన్నెండు రోజులు గొట్టంతో పడుకుని, పొద్దున్నే అది తీయించుకుని, ఇప్పుడు మరుగుదొడ్డిలో కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గు పట్టుకుని నిలబడ్డ యాభై రెండేళ్ల మనిషి, మధ్యాహ్నం డాక్టరు వచ్చేలోగా మూత్రం దానంతటది వస్తే సరి, లేకపోతే మళ్లీ గొట్టం, సంచీతో ఇంటికి, సంచీ వేలాడేసుకుంటే క్రేను నిచ్చెన ఎక్కనివ్వరు, నా సీటు బావమరిదికి పోతుంది, వాడు మొన్న మంచం పక్కన కూర్చుని, బావా, పైన క్రేనులో ఆ లివరు కాస్త బిగుతుగా ఉంటుందా అన్నాడు, ఒంట్లో ఎలా ఉందని అడగకముందే లివరు సంగతి, వాళ్లక్క పక్కనే ఏమీ ఎరగనట్టు పండు కోస్తూ కూర్చుంది.

నర్సునూ నమ్మడానికి లేదు, ఇన్నాళ్లూ గొట్టమే పని చేసింది కదా బాబాయ్, మూత్రాశయం గోడ కండరం సెలవులో ఉంది, కొంచెం బద్ధకిస్తుంది, అంతేగాని పని మరిచిపోదు అంది, మరి అప్పుడెప్పుడో కాలు విరిగి కట్టు కడితే నెలన్నరకే పిక్క సగమైపోలేదా, పిక్కకు లేని జ్ఞాపకం దీనికెక్కడిది, ఏదో దాస్తున్నారు, నాకా ఈ గతి, నలభై మీటర్ల ఎత్తున గాజు గదిలో ఎనిమిది గంటలు దిగకుండా కూర్చున్న నాకా, కిందివాళ్లు నాలుగుసార్లు పక్కకెళ్లి వచ్చేవాళ్లు, నేను నీళ్లు మానేసి, కాళ్లు దగ్గరకు లాక్కుని ఇరవై ఏళ్లు బిగబట్టాను, అదే బలమనుకున్నాను, అదిగో తలుపు దగ్గర చెప్పుల చప్పుడు, మా ఆవిడే, వింటోంది, చుక్క పడలేదని తమ్ముడికి ఫోను చేస్తుంది, ముక్కాను, పొట్ట రాయిలా అయింది, ఏమీ రాలేదు.

ఏమండీ, ముక్కకండి, ముక్కితే కింద ఇంకా బిగుస్తుందట, నర్సమ్మ చెప్పింది, నువ్వు అక్కడెందుకున్నావు, కళ్లు తిరిగి పడతారేమోనని, గొళ్లెం పెట్టొద్దంటే పెట్టుకున్నారుగా, ఇందాక ఎందుకు నవ్వారు, అదా, ఆపరేషన్ రోజు మత్తులో మీరు నర్సమ్మను, మెల్లగా దించుతున్నా, కింద ఎవరూ ఉండొద్దు అని కసిరారట, మరి నీ తమ్ముడు నా సీటు అడగలేదా, వాడా, నిచ్చెన రెండో మెట్టుకే కళ్లు మూసుకుంటాడు, మరి లివరు గొడవ ఎందుకు, మీతో ఏం మాట్లాడాలో తెలియకండీ, ఇంకేం అడిగినా కసురుతారుగా.

దించడం, అవును, ఇన్నేళ్లలో ఒక్క బరువునైనా తోసి దించానా, క్రేను బ్రేకు కరెంటు పోయినా పట్టు విడవదు, మనం విప్పాలి, అప్పుడే బరువు దిగుతుంది, మోటారు పాడైందేమోనని పొద్దుటి నుంచీ హడలిపోతున్నాను, నర్సును, ఈ అక్కాతమ్ముళ్లను అనుమానిస్తూ పళ్లు బిగించి నిలబడ్డాను, బ్రేకు విప్పింది ఎక్కడ, పై నుంచి కిందదాకా బిగిసి ఉన్నది నేనే, గొళ్లెం తీశాను, కూర్చున్నాను, పళ్లు విడిపోయాయి, భుజాలు జారాయి, అక్కడే ఉంటావా అన్నాను, ఎక్కడికి పోతానండీ అంది, ఊపిరి వదిలాను, చాలాసేపటికి మగ్గు అడుగున సన్నగా చప్పుడు మొదలైంది, తలుపవతల తను వింటోంది, విననీ.