పలుపుతో సహా నన్ను కొన్నారు

నేను ఒక డెమో పీసును. మంగళగిరి మెయిన్ బజారులో, బాజీ అనే ఆయన సెల్‌ఫోన్ల కొట్టులో, బల్ల మీద ఇనపతీగతో కట్టేసి ఉన్న టాబ్లెట్‌ను. పదకొండు నెలలుగా నన్ను వేలితో పొడిచినవాళ్ళే తప్ప ప్రేమగా పట్టుకున్నవాళ్ళు లేరు. అలాంటిది ఒక శనివారం ఉదయం, మెడలో పసుపుతాడు ఇంకా పచ్చిగా ఉన్న ఒక కొత్త పెళ్ళికూతురు, నన్ను అమాంతం గుండెలకు హత్తుకుంది.

ఆమె పేరు సుచరిత. ఫోనుకు కొత్త అద్దం అతికించుకోవడానికి మొగుడు శివనాగరాజుతో కలిసి వచ్చింది. బాజీ అద్దం మీద బుడగలు నొక్కుతుండగానే ఆ ఫోను మోగింది. విజయవాడలో చీరల షాపు నడిపే ఒకావిడ చేసింది. సుచరిత "ఆఁ... ఆఁ... నిజంగానా అండీ?" అని మూడుసార్లు అని, ఫోను పెట్టేసి, చేతికి అందిన మొదటి వస్తువును కావలించుకుంది. ఆ వస్తువు నేనే. పక్కన మొగుడు చేతులు చాచి నిలబడే ఉన్నాడు, పాపం.

తీగ బిగుసుకుంది. అలారం గుక్కపెట్టి ఏడ్చింది. రోడ్డు మీద కూరగాయల బండివాడు తన కోసమే పోలీసులు వస్తున్నారనుకుని బండి తోసుకుంటూ పారిపోయాడు.

"ఏవండీ, నేను గీసిన అంచు నచ్చిందట! ఇరవై చీరలు నేయించమంది!" అంది సుచరిత, నన్ను వదలకుండానే.

"సరేలే, ముందు దాన్ని వదులు. బాజీ అన్న అటు తిరిగి నవ్వుతున్నాడు," అన్నాడు శివనాగరాజు.

ఇక్కడ నా పుట్టుక గురించి రెండు ముక్కలు చెప్పాలి. గొప్పలేమీ లేవు. ఎక్కడి ఇసుకో కరిగి నా అద్దమైంది, ఏ కొండలోని లోహమో నా నరమైంది. పేరు తెలియని ఊళ్ళో, రేకుల షెడ్డులో, ఒకే పూట నాలుగు వేలమంది పుట్టాం. చివరి బల్ల దగ్గర ఒకమ్మాయి మెత్తటి గుడ్డతో నా మొహం తుడిచి, అటూ ఇటూ చూసి, నాలో తన ముంగురులు సర్దుకుంది. మనుషులు మాలోకి చూసేది చాలావరకు తమ మొహం కోసమేనని నాకు ఆ రోజే అర్థమైంది.

కొట్టులో నాకు ఎడమ పక్క ఒక నాజూకు టాబ్లెట్ ఉండేది. దానికి నేను వయ్యారి అని పేరు పెట్టుకున్నాను. అది చూపిస్తే పచ్చి అరటికాయ కూడా పండినట్టే కనిపిస్తుంది. ధర కూడా దాని నడకకు తగ్గట్టే. కుడి పక్క బండోడు. లోపల గోదామంత మెమరీ, పైన ఉతికి ఉతికి వెలిసిపోయిన లుంగీ లాంటి తెర. మధ్యలో నేను. అందానికి అందమూ కాదు, బలానికి బలమూ కాదు. ధర మాత్రం అందరికన్నా తక్కువ. పదకొండు నెలలుగా నా పనల్లా ఒక జలపాతాన్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కింద పడేయడం.

జనం వచ్చేవారు. పైకి తోసేవారు, కిందికి తోసేవారు, ధర అడిగేవారు, "మా బావమరిదిని అడిగి వస్తాం" అనేవారు. ఆ బావమరుదులు ఎంతటి పండితులో నాకు తెలియదు. ఒక్కడూ రాలేదు.

సుచరిత మాత్రం బావమరిది మాట ఎత్తలేదు. షాపావిడ పెట్టిన షరతు అలాంటిది. చీర పూర్తి బొమ్మ రంగులతో సహా ఈ సాయంత్రంలోగా పంపాలి. నేసిన చీరకూ ఆ బొమ్మకూ పోగంత తేడా వచ్చినా ఇరవై చీరలూ వెనక్కే. ఆ బొమ్మను చూసి నూలుకు రంగు వేయాల్సింది శివనాగరాజు నానమ్మ. ఆమెకు సుచరిత ఫోను మీద పీకల్దాకా కోపం. కిందటి వారం అందులో చూసి వంగపండు రంగు అనుకుని అద్దితే, ఆరేసరికి అది ఉల్లిపొర రంగు తేలింది. చూసిన రంగు ఒకటి, ఉన్న రంగు ఒకటి. అందుకని పెళ్ళి చదివింపుల్లో మిగిలిన పదిహేను వేలు పెట్టి, రంగు విషయంలో అబద్ధమాడని తెర ఒకటి కొనాలని ఆ దంపతులు అక్కడికక్కడే తీర్మానించుకున్నారు.

"రంగంటే నానమ్మ చూడాల్సిందే," అని శివనాగరాజు స్కూటరు మీద వెళ్ళి పది నిమిషాల్లో ఆమెను తెచ్చాడు.

భద్రావతమ్మ. డెబ్బై రెండేళ్ళు. మోచేతుల దాకా ఊదా మరకలు. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు మనుషులు, రెండు మగ్గాలు. వాటన్నిటికీ ఆమే అధికారి. కొట్టు మెట్టు ఎక్కి, మమ్మల్ని ముగ్గురినీ ఎగాదిగా చూసి, కొంగు అంచును నాలుకతో తడిపి నా చెంప మీద బరబరా రుద్దింది.

"మామ్మగారూ! అదేం పనండీ?" అన్నాడు బాజీ.

"రంగు పోతుందేమో చూడొద్దా?"

తడి తగిలితే నేను నేను కాను. ఏ వేలు ఎక్కడ పడిందో తెలియక, కెమెరా తెరిచాను, జలపాతం హోరు పెంచాను, పదకొండు ఫోటోలు తీశాను, నా భాషను నాకే తెలియని ఇంకో భాషలోకి మార్చేసుకున్నాను. భద్రావతమ్మ కొంగు పైకెత్తి వెలుతురులో చూసింది.

"రంగు పోలేదు. కాకపోతే దీనికి కాస్త పిచ్చుంది," అని తేల్చింది.

బాజీ వయ్యారిని ముందుకు జరిపాడు. "ఇది చూడండి. తెర చూస్తే కళ్ళు చెదిరిపోతాయి. లోపల ఎనిమిది కోర్లు. అంటే ఎనిమిదిమంది పనివాళ్ళు కూర్చుని ఒకేసారి పని చేస్తున్నట్టన్నమాట."

"ఎనిమిదిమందే? కూర్చోడానికి చోటెంత?"

"చోటంటే ర్యామండీ. మూడు జీబీ."

"అంటే మూడు పీటలు. ఎనిమిదిమందిని పిలిచి మూడు పీటలు వేశావా? మిగతా అయిదుగురూ ఏం చేస్తారయ్యా, గుమ్మంలో నిలబడి బీడీలు కాలుస్తారా?"

బాజీ పద్దెనిమిదేళ్ళ వ్యాపారంలో ఈ సంగతిని ఇంత సూటిగా చెప్పినవాళ్ళు లేరు.

"మరి ఇందులో?" అని నన్ను చూపించింది.

"ఎనిమిదిమందే మామ్మా. పీటలు ఆరు."

"సర్దుకుంటారు. ఆ లావుపాటి దాంట్లో?"

"అందులో మనిషికో పీట."

బండోడు గర్వంతో వేడెక్కాడు. నా పక్కనే ఉన్నాడు కాబట్టి నాకు తెలిసింది.

సుచరిత ముగ్గురిలోనూ తన గోపురాల అంచు గీసింది. ఒక గోపురం గీసి దాన్ని నూట ఇరవైసార్లు వరుసగా పేర్చాలి. వయ్యారి అరవయ్యో గోపురం దగ్గర కొయ్యబారిపోయి, తెర మధ్య ఒక సున్నాను తిప్పుతూ కూర్చుంది. "అదుగో, అయిదుగురూ గుమ్మంలోనే ఉన్నారు," అంది భద్రావతమ్మ. బండోడు ఊదినట్టు ముగించేశాడు. నాకు తొంభయ్యో గోపురం దగ్గర ఆయాసం వచ్చింది. కానీ పొద్దున నన్ను హత్తుకున్న పిల్ల నా వైపే చూస్తోంది. పరువు కోసం ముగించాను.

"అయితే లావుదే తీసుకుందామా?" అన్నాడు శివనాగరాజు.

"ఉండరా నాగా. లైట్ల కింద ఏ చీరైనా బాగానే ఉంటుంది. ఎండలోకి తేండి."

"తీగలు బల్లకు బిగించి ఉన్నాయండీ, బయటికి రావు," అన్నాడు బాజీ.

"బల్ల వస్తుందిగా?"

వచ్చింది. బాజీ, శివనాగరాజు, రీచార్జికి వచ్చిన ఒక మాష్టారు, ఒక ఆటో డ్రైవరు తలో కోడు పట్టుకుని బల్లను నడిరోడ్డు పక్కకు మోశారు. నేను మొదటిసారి ఆకాశం చూశాను. అది నా జలపాతం కన్నా పెద్దది, చెప్పొద్దూ, కాస్త భయమేసింది. కొట్టు ఎత్తేస్తున్నారని అయిదు నిమిషాల్లో పాతికమంది మూగారు. ఒకాయన బాజీ కూర్చునే కుర్చీకి బేరం మొదలుపెట్టాడు. ఇద్దరు ఆడవాళ్ళు ఏ చీరలో తెలియకుండానే "చీర ఒళ్ళు బాగుందమ్మా, అంచే ఇంకాస్త పెద్దది పడాల్సింది" అని అభిప్రాయం చెప్పి వెళ్ళారు.

భద్రావతమ్మ కొంగుముడి విప్పి ఒక నూలుపోగు తీసింది. అసలైన వంగపండు రంగు. ఆమె చేతి మీదుగా అద్దిన మొదటి మంచి రంగట అది, నలభై ఏళ్ళ నాటిది. ఎండ తగలకుండా ముడిలోనే దాచుకుంటుంది. సుచరిత దాన్ని తెల్లకాగితం మీద పెట్టి ముగ్గురితోనూ ఫోటో తీసి, ఆ రంగును తెర నిండా పరిచింది.

వయ్యారిలో అది పెళ్ళిపందిట్లో వెలిగే సీరియల్ బల్బులా ధగధగలాడింది. మూగినవాళ్ళంతా "అబ్బ!" అన్నారు. "అబ్బ అనిపిస్తోందంటేనే అబద్ధం," అంది భద్రావతమ్మ. బండోడి మీదకు వంగి చాలాసేపు చూసింది. ఎండకు అతనిలో రంగే లేదు.

"ఇందులో నా మొహమే కనిపిస్తోందిరా. ఏం, ఇరవై చీరలకూ నా మొహమే నేయమంటావా?"

"అంత ధర పలకదు నానమ్మా," అన్నాడు శివనాగరాజు. వీపు మీద ఒకటి పడింది.

నా వంతు వచ్చింది. భద్రావతమ్మ పోగును నా తెర మీద అడ్డంగా పెట్టి, కళ్ళజోడు సర్దుకుని వంగింది. ఉలిక్కిపడింది.

"పోగేదీ? ఒసేయ్ సుచరితా, పోగు ఎగిరిపోయిందే!"

అంతే. నలభై ఏళ్ళ పోగు. సుచరిత మొహం పాలిపోయింది. ఎవరూ కదలొద్దని శివనాగరాజు చేతులు చాచాడు. మాష్టారు మోకాళ్ళ మీద కూర్చుని రోడ్డు వెతికాడు. ఆటో డ్రైవరు ఆటోనే కాస్త వెనక్కి నెట్టి టైర్ల కింద చూశాడు. పాతికమంది మంగళగిరి బజారులో నేల చూపులు చూస్తూ అంగుళం అంగుళం వెతికారు. కుర్చీ బేరం చేసినాయన చెప్పులు విప్పి దులిపాడు.

పోగు నా మొహం మీదే ఉంది. పెట్టిన చోటే ఉంది. నా రంగూ దాని రంగూ ఒకటైపోయి ఎవరి కంటికీ ఆనలేదు. చెబుదామంటే నాకు జలపాతం తప్ప వేరే గొంతు లేదు.

చివరికి సుచరిత, ఏడుపు ఆపుకుంటూ, ఆసరాగా బల్ల మీద చెయ్యి వేసింది. వేలికి ఏదో సన్నగా తగిలింది. చిటికెన వేలితో మెల్లగా పైకెత్తింది. వంగపండు రంగులోంచి వంగపండు రంగు లేచింది.

భద్రావతమ్మ పోగును చూసింది, నన్ను చూసింది, మళ్ళీ పోగును చూసింది. "ఇదే," అంది.

బాజీ సంబరంగా లోపలికి పరిగెత్తి, అదే రకం టాబ్లెట్ సీలు తీయని పెట్టె తెచ్చాడు. "ఇదిగో మామ్మా, కొత్తది."

"ఇదేంది? నేను చూసిందేదీ?"

"అది డెమో పీసండీ. పదకొండు నెలలుగా ఊరంతా పొడిచింది. రెండూ ఒకటే."

"చూపించిన చీర ఒకటి, మడతపెట్టి ఇచ్చే చీర ఒకటా? డెబ్బై రెండేళ్ళొచ్చాయి, నా దగ్గరా? నా పోగును గుర్తుపట్టింది ఇది. నాకు ఇదే కావాలి."

బాజీ బతిమాలాడు. శివనాగరాజు కూడా మెల్లగా కొత్తదే మేలన్నాడు. సుచరిత మాత్రం నా అంచును వదలలేదు. "నేను సంతోషంతో పట్టుకున్నది కూడా దీన్నేగా అండీ," అంది. వాడిన సరుకని బాజీ ధర ఇంకా దించాల్సి వచ్చింది. మిగిలిన దాంతో ఆదివారం బెజవాడలో సినిమా, మధ్యాహ్నం బిర్యానీ అని దంపతులు చెవుల్లో గుసగుసలాడుకున్నారు. మైకు తెరిచే ఉంది కాబట్టి నేనూ విన్నాను.

ఒక్కటే చిక్కు. తీగ తాళంచెవి లేదు. పదకొండు నెలల కిందట బాజీ ఎక్కడో భద్రంగా పెట్టాడు, అంత భద్రంగా పెట్టినది ఎవరికీ దొరకదు. చివరికి బల్ల వైపు మరలు ఊడదీశారు. తీగ, దాని చివర అలారం డబ్బా నాతోనే వచ్చాయి.

"మంచిదే," అంది భద్రావతమ్మ. "పశువును కొన్నప్పుడు పలుపుతో సహా కొనాలి. లేకపోతే ఇంట్లో నిలవదు."

స్కూటరు మీద సుచరిత ఒళ్ళో కూర్చుని అత్తవారింటికి బయలుదేరాను. మేము వెళ్తుంటే, ప్రతి గుంతకూ అలారం మోగింది. జనం పక్కకు తప్పుకుని దారిచ్చారు. ఏ మంత్రిగారో అనుకుని ఒకాయన దణ్ణం కూడా పెట్టాడు.

ఆటోలో ముందే ఇల్లు చేరిన భద్రావతమ్మ గుమ్మంలో నాకు పసుపు రాసి బొట్టు పెట్టింది. సరిగ్గా కెమెరా మీద పెట్టింది. అందుకే ఆ ఇంటి మొదటి ఫోటోలో మగ్గం ఎర్రగా, మొగుడు ఎర్రగా, గోడ మీది క్యాలెండరు ఎర్రగా పడ్డాయి. సుచరిత దాన్ని తుడిపేయలేదు. తెర మీద అందరికన్నా ముందు అదే కనిపించేలా పెట్టుకుంది.

సాయంత్రం అయిదు గంటలకు నూట ఇరవై గోపురాలూ పూర్తయ్యాయి. తొంభయ్యో దాని దగ్గర ఆమె ఆగి, "పర్లేదు, మెల్లగా కానీ," అని నాతో అంది. బొమ్మ విజయవాడకు వెళ్ళింది. పావుగంటకు జవాబు వచ్చింది. 'ఈ వంగపండు రంగే కావాలి. చీరలో ఇదే రావాలి.'

సుచరిత ఈసారి మొగుణ్ణి కావలించుకుంది. నాకేం బాధ కలగలేదు. చెరో పూట కదా.

భద్రావతమ్మ చేతులు తుడుచుకుని లేచి, రంగు తొట్టి మీది మూత తీసి చూసి, నన్ను తెచ్చి దాని ఎదురుగా పీట మీద నిలబెట్టింది. తీగను జాగ్రత్తగా మగ్గం గుంజకు చుట్టి ముడేసింది. తర్వాత వంటింటి వైపు తిరిగి రేపటి కార్యక్రమం ప్రకటించింది.

"అమ్మాయ్, రేపు పొద్దున ఆరింటికల్లా అద్దకం. మనకే కాదు, దీని లోపలివాళ్ళకీ చేతినిండా పని. పెసరట్లకు పెసలు పదకొండుమందికి నానబొయ్యి."