తిరుగు టికెట్టు

కోస్తాలోని ఆ ఎంపీ సీటు ఎన్ని పార్టీల చేతులు మారినా, ప్రతి ఎన్నికకీ అక్కడినుంచి ఒకడు రానుపోను రైలు టికెట్లతో ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ ఇనప గనుల క్వార్టర్లకు వచ్చేవాడు. ఆ క్వార్టర్లలో ఉండే గంగారత్నం కోస్తాలోని సొంతూరు వెళ్లి ఓటేసి వచ్చేది. గెలిచినవాడు మాత్రం ఈ కొండవైపు తొంగి చూసేవాడు కాదు.

ఈసారి మరిది కొడుకు కిషోర్ వచ్చాడు.

“పెద్దమ్మా, సోమవారమే పోలింగు. బయల్దేరు.”

ఆమె వేలు చూపించింది. కిరండూల్ ఉన్న బస్తర్‌ సీటులో పోలింగు ముందే అయిపోయింది. సిరా ఇంకా నల్లగానే ఉంది.

“ఇక్కడేసీసినావేటి? పర్లేదు, చెరిపీడానికి మందుంది.”

“ఎందుకు చెరపాల్రా? బతికేది ఇక్కడ. ఓటూ ఇక్కడే.”

కిషోర్ విసురుగా టికెట్లు చింపబోయాడు. గంగారత్నం అతని చెయ్యి పట్టుకుంది.

“తిరుగు టికెట్టు ఉంచరా. మీ నాయకుడు గెలిస్తే, ఒక్కసారైనా ఇటు రాడానికి పనికొస్తాది.”