కిరసనాయిలు లైన్లో యాదమ్మ

మాదాపూర్‌లో కొత్తగా లేస్తున్న అద్దాల మేడ దగ్గర యాదమ్మ ఇసుక మోసేది. ఆ వానాకాలం రేషన్ దుకాణానికి నెల రోజులుగా కిరసనాయిలు రాలేదు. గుడిసెలో అత్త కిష్టమ్మకు చలిజ్వరం. కట్టెలు తడిసిపోయి పొగ తప్ప మంట లేదు.

"జర వేడి గంజి పొయ్యి బిడ్డా" అని ముసలామె పొద్దుటి నుంచి అడుగుతూనే ఉంది.

యాదమ్మ పని మానేసి డబ్బా పట్టుకుని బయలుదేరింది. రాయదుర్గం బండల మధ్య ఒక దుకాణం, దాని ముందు పెద్ద లైను కనిపించాయి. మొన్నటిదాకా అక్కడ దుకాణమే లేదు. అయినా నీలం పీపాలు చూడగానే ప్రాణం లేచొచ్చి, పోయి చివర నిలబడింది. లైను కాస్త కదిలేది, ఎవరో అరవగానే మళ్లీ అందరూ వెనక్కి వచ్చేవారు. పక్కన పెద్ద గొడుగుల కింద ఏవో మిషన్లు ఉంటే మేడ పనివాళ్లవేమో అనుకుంది.

మధ్యాహ్నం దాటాక ఆమె వంతు వచ్చింది. దుకాణదారు నవ్వుతూ డబ్బాలో పోశాడు. వాసన రాలేదు. వేలు ముంచి చూసింది. నీళ్లు.

"ఏందిరా ఇది? మా అత్త జరమొచ్చి పండుకున్నది, నీళ్లు పోస్తవా!" డబ్బా విసిరికొట్టి ఏడ్చేసింది.

చుట్టూ చప్పట్లు. అసిస్టెంటు డైరెక్టరు భీమేశ్వరరావు పరుగెత్తుకొచ్చాడు.

"అద్భుతం అమ్మా! కిరసనాయిలు కరువు మీద కామెడీ సినిమా అండీ ఇది. ఇంకొక్కసారి అలాగే తిడతారా?"

"అయితే నూనె లేదా సారూ?"

"సినిమా కదమ్మా, అన్నీ ఉత్తుత్తివే."

ఆమె డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

"పొద్దంత తిరిగి ఖాళీ చేతులతోని వస్తవా?" అన్నాడు మొగుడు ఈశ్వరయ్య. సిగ్గుతో ఆమె "దొరకలే" అని మాత్రం అంది. మూడో రోజు కిష్టమ్మ పోయింది. తల్లి అడిగిన గంజి పోయలేదని ఈశ్వరయ్య చాలాకాలం ఆమెతో సరిగా మాట్లాడలేదు.

మరుసటి ఎండాకాలం మేస్త్రీ కూలీలందరినీ లారీలో మియాపూర్ తీసుకెళ్లి సినిమా చూపించాడు. సగంలో తెర మీద యాదమ్మ కనిపించింది. హాలంతా పగలబడి నవ్వింది.

"అగో, నువ్వేనే!" తొడ చరుచుకుని ఈశ్వరయ్య కూడా నవ్వాడు.

ఆమె గొంతు అలాగే ఉంచారు. 'మా అత్త జరమొచ్చి పండుకున్నది' అన్న మాట వినగానే అతని నవ్వు ఆగిపోయింది.

"గా దినమేనా?"

ఆమె తలూపింది.

"నాకు చెప్పకపోతివి."

"ఏమని చెప్పాలె? నీళ్లకు పొద్దంత లైన్ల నిలవడ్డననా?"

సినిమా అయిపోతే గాని లారీ కదలదు. అందాకా ఇద్దరూ ఆ నవ్వుల మధ్య తల దించుకుని కూర్చున్నారు.