అద్దె గడ్డం

పాత సినిమాలో మారువేషం వచ్చిందంటే శోభనాద్రి కంచంలో చెయ్యి పెట్టినవాడు పెట్టినట్టే ఉండిపోయేవాడు. హీరో బుగ్గ మీద పుట్టుమచ్చ, మూతి మీద మీసం అంటించుకుని పిల్ల ఇంట్లో దూరతాడు. మామగారు పోల్చుకోడు. కన్నతల్లీ పోల్చుకోదు. చిన్నప్పుడు గుడివాడ టూరింగు టాకీసులో నేల మీద కూర్చుని, ఇప్పుడు నాగాయలంకలో టీవీ ముందు కూర్చుని, అదే నవ్వు.

"వాళ్లకి కళ్లు లేవా?" అనేది భార్య సత్యవతమ్మ.

"వేషమంటే అంతేనే."

ఆ మాట నమ్మే బందరు వెళ్లాడు. నాటకాల సామాను అద్దెకిచ్చే కొట్లో తెల్ల గడ్డం, మీసం తీసుకున్నాడు. నల్ల కళ్లద్దాలు కంటి ఆపరేషనప్పటివి ఉండనే ఉన్నాయి.

మేనకోడలు హిమబిందు పెళ్లి మోపిదేవిలో. నిశ్చితార్థం రోజున బస్సు ఆలస్యమై, అతను గుడివాడలో చెల్లెలింటికి చేరేసరికి తాంబూలాలు అయిపోయాయి. మేనమామ లేకుండానా? భోజనాల బంతిలో కూర్చున్నవాడల్లా విస్తరి ముందు నుంచి లేచాడు. ముహూర్తం దాటిపోతోందని కానిచ్చేశామని బావ పున్నయ్య చెబుతున్నా వినలేదు. మగపెళ్లివారి ఎదుటే నానా మాటలూ అని, "ఈ పెళ్లికి వస్తే నా పేరు శోభనాద్రే కాదు" అని వచ్చేశాడు. తర్వాత పున్నయ్య శుభలేఖ పట్టుకుని ఇంటికి వస్తే పెరట్లోంచి ఇవతలికి రాలేదు.

అన్న మాట పోకూడదు. పిల్ల పెళ్లి చూడాలి. రెండూ దక్కాలంటే గడ్డమే దారి.

పెళ్లి మండపంలో చివరి వరుసలో కూర్చున్నాడు. చెల్లెలు అమ్మాజీ పన్నీరు చల్లుతూ వచ్చింది.

"ఏ ఊరండీ తమది?"

"ఏలూరు," అన్నాడు గొంతు మార్చి.

"అయ్యో, అంత దూరం నుంచే! సంతోషమండీ," అని వెళ్లిపోయింది.

తోడబుట్టినదే పోల్చుకోలేదు! లోపల నవ్వు పొంగింది. కాఫీ వచ్చింది, పంచదార లేకుండా. తనకి షుగరని వాళ్లకెలా తెలుసో ఆలోచించకుండా తాగేశాడు.

"మేనమామలూ! పెళ్లికూతుర్ని బుట్టలో తీసుకురండి," అని పురోహితుడు కేకేశాడు. బుట్టకి ఒక పక్క పినతల్లి కొడుకు పిచ్చేశ్వరరావు నిలబడ్డాడు. రెండో పక్క ఖాళీ. శోభనాద్రి తల దించుకున్నాడు.

పున్నయ్య సరాసరి చివరి వరుసకి వచ్చి చేతులు జోడించాడు.

"పెద్దాయనా, మా బావగారు రాలేకపోయారు. తమరు కాస్త ఓ చెయ్యి వెయ్యాలండీ."

"నేనా? పరాయివాణ్ణి..."

"ఫర్వాలేదండీ. మా బావగారే అనుకుంటాం."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "ఊరుకోండర్రా!" అని అమ్మాజీ కసిరింది.

అప్పుడు తెలిసింది శోభనాద్రికి. గడప దాటినప్పుడే అందరూ పోల్చేశారు. తన మాట నిలబెట్టడానికి పెళ్లి పెళ్లంతా పోల్చుకోనట్టు నటిస్తోంది. ఆ సినిమాల్లో మామగారూ, తల్లీ కూడా ఇంతేనేమో. వాళ్లని చూసేనా ఇన్నేళ్లూ తను నవ్వింది?

వెళ్లి బుట్ట పట్టుకున్నాడు. లోపల హిమబిందు కొబ్బరిబోండం పట్టుకుని తల వంచుకుని కూర్చుంది. కాస్త నడిచేసరికి చెమటకి జిగురు కరిగి, గడ్డం ఒక పక్క వేలాడింది. పట్టుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

"మావయ్యా, జారుతోంది," అని గొణిగింది పిల్ల. "తల ఇటు వంచు, అంటిస్తాను."

గోరింటాకు చెయ్యి అతని చెంప మీదికి వచ్చింది.

"వద్దమ్మా. లాగెయ్."

"మరి నువ్వన్న మాటో?"

"పోనీ. లాగెయ్."

లాగింది. గడ్డం వచ్చింది గానీ మీసం అలాగే ఉండిపోయింది. మండపమంతా గొల్లున నవ్వింది.

బుట్ట దించాక శోభనాద్రి తలెత్తలేకపోయాడు. పున్నయ్య పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఇప్పుడే దిగారా బావగారూ? బస్సు ఆలస్యమైనట్టుంది."

అవునంటే అక్కడితో గట్టెక్కేవాడు.

"లేదు బావా," అన్నాడు శోభనాద్రి, మీసం పీక్కుంటూ. "బస్సు వేళకే వచ్చింది."