దొరగారి కోరపన్ను

తన కాపురం చెడడానికి వదినే కారణమని పాలిష్ మేస్త్రి పద్నాలుగు నెలలుగా వినేవాళ్లందరికీ చెబుతున్నాడు. విననివాళ్లకి ఇంకాస్త గట్టిగా చెబుతున్నాడు. వదిన అంటే భార్యకు స్వయానా అక్క. పక్క ఊళ్లో ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్లకు హాస్టలు నడుపుతుంది. చుట్టపుచూపుగా వచ్చిన ఆ మనిషి మూడో పూటకల్లా చెల్లెల్ని వెంటబెట్టుకుని బస్సెక్కింది. రెండు రోజులుండి వస్తానన్న భార్య హాస్టల్లో వంట అజమాయిషీ చూసుకుంటూ అక్కడే ఉండిపోయింది. నా ఇంట్లో తిని, నా కుర్చీలో కూర్చుని, నా పెళ్లాన్నే ఎత్తుకుపోయిందని మేస్త్రి పాత బల్లలకు గరుకు కాగితం రుద్దుతూ గొణుక్కునేవాడు. అతని షాపులో పాలిష్ పట్టిన ప్రతి బల్లా ఈ కథ కనీసం నాలుగుసార్లు విన్నదే.

షాపు వెనక రెండు గదులు. ఆ గదుల్లో ఆమె వదిలి వెళ్లింది రెండే: ఒక పళ్లు విరిగిన దువ్వెన, ఒక కుక్క. మట్టిరంగు కుక్క, ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది వాలిపోయి ఉంటుంది. పిలిస్తే రాడు, తనకు తోచినప్పుడే వస్తాడని ఆమె దానికి దొర అని పేరు పెట్టింది. ఇంట్లో మేస్త్రిని నువ్వు తిన్నావా అని అడిగే దిక్కు లేకపోయినా, దొరగారు భోంచేశారా అని మాత్రం వీధిలో అందరూ అడుగుతారు.

ఆ దొరగారు వారం రోజులుగా తిండి మానేశాడు. రొట్టెముక్క నోట కరుచుకోవడం, తల పక్కకి వంచి వదిలేయడం. తర్వాత పోయి వీధిగుమ్మం దగ్గర గడప మీద గడ్డం ఆనించి పడుకోవడం. చెంప నిమరబోతే మొహం తిప్పేసుకుంటున్నాడు. మొదటి రెండు రోజులూ మేస్త్రి పొగరనుకున్నాడు. మూడోరోజు సాయంత్రం గుమ్మం దగ్గర దొర పక్కనే కూలబడి, వాడు చూస్తున్న వైపే తానూ చూశాడు. అటు బస్సులు వచ్చే దారి. అప్పుడు అర్థమైంది. వీడు బెంగ పెట్టుకున్నాడు.

పక్క షాపు తాళాల మేస్త్రితో ఆ మాటే అంటే అతను నవ్వాడు. "కుక్కకి బెంగేంటి మేస్త్రీ. నీకుందేమో చూసుకో."

నాకేం రోగం అని మేస్త్రి కసురుకున్నాడు గాని, ఆ రోజు నుంచి మనసు కొంత తేలికపడింది. ఇంట్లో ఇద్దరికీ ఒకటే జబ్బు. పని కట్టేశాక దొర పక్కన కూర్చుని ఆమె సంగతులు చెప్పేవాడు. ఆ పాలిష్ స్పిరిట్ వాసనతో దగ్గరికి రాకండి అనేదని, అంటూ తానే దగ్గరికి వచ్చేదని. గిన్నెలు తుడుస్తూ పాట మొదలుపెడితే రెండో చరణం ఎప్పుడూ గుర్తు రాక మొదటిదే మళ్లీ పాడేదని. దొర వింటున్నట్టే ఉండేవాడు. మధ్యలో సన్నగా మూలిగేవాడు. ఆ మూలుగు విని మేస్త్రి ఇంకో సంగతి ఎత్తుకునేవాడు.

వాడు ఆవులించినప్పుడు పళ్లు చూడకపోలేదు. చిగుళ్ల దగ్గర పసుపు, పైకొచ్చేసరికి గోధుమరంగు. ఒక కోరపన్ను మరీ ముదురుగా కనిపించింది. అందులో చూడ్డానికేముంది? ముప్పయ్యేళ్లుగా కర్రతోనే బతుకుతున్నవాడు. టేకు వయసు మీద పడే కొద్దీ రంగు తిరుగుతుంది, ఆ రంగు కోసమే జనం ఎగబడతారు. దొరకీ వయసొచ్చింది, పళ్లు రంగు తిరిగాయి అనుకుని ఊరుకున్నాడు.

ఎనిమిదో రోజు హాస్టలుకు ఫోను చేశాడు. ఇన్నాళ్లూ చేసినప్పుడల్లా వదినే ఎత్తడం, ఇద్దరూ ఒకరినొకరు కడిగిపారేసుకోవడం అయ్యేది. ఈసారి భార్యే ఎత్తింది. తిట్టడానికి సిద్ధం చేసుకున్న మాటలన్నీ పనికిరాకుండా పోయాయి.

"దొర నీ మీద బెంగ పెట్టుకున్నాడు. వారం నుంచి ఏమీ తినట్లేదు."

అవతల గిన్నెల చప్పుడు.

"వాడొక్కడేనా?" అంది.

ఆ మాటకి ఏం చెప్పాలో అతనికి తెలుసు. పద్నాలుగు నెలలుగా గోడలకి చెబుతున్నదే. తీరా నోరు తెరిస్తే, "నేను వాడి సంగతి చెబుతున్నా" అని వచ్చింది.

రేపు పొద్దున వస్తానని ఆమె పెట్టేసింది.

తెల్లవారకముందే లేచి షాపు ఊడ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆమె కూర్చునే కుర్చీకి మరో పూత వేద్దామనుకుని, ఆరకపోతే చీరకి అంటుతుందని మానుకున్నాడు. ఎనిమిదింటికి ఆమె వచ్చింది. చేతిలో చిన్న సంచి. అందులో ఇంకో చీర పట్టదని మేస్త్రి కన్ను మొట్టమొదట పట్టింది.

దొర లేచాడు, తోక ఆడించాడు. కానీ మీదకి దూకలేదు, చెయ్యి నాకలేదు. ఆమె వంగి వాణ్ణి దగ్గరికి తీసుకోబోయి ఆగిపోయింది.

"ఏంటీ వాసన?"

"స్పిరిట్."

"స్పిరిట్ వాసన నాకు తెలీదా. వీడి నోరండీ."

మేస్త్రి ముక్కు ఏనాడో స్పిరిట్‌కి చచ్చిపోయింది. అతనికి ఏ వాసనా రాలేదు. ఆమె నేల మీద కూర్చుని, దొర పైపెదవి వేలితో మెల్లిగా ఎత్తింది. ఉన్నన్నాళ్లూ సాయంత్రం పూట తడిగుడ్డతో వాడి పళ్లు తుడిచిన చెయ్యి అది. వాడు ఊరుకున్నాడు. చిగుళ్ల వెంట గార పెచ్చులు కట్టింది. ఎడమవైపు కోరపన్ను మొదలు నుంచి మొన దాకా కమిలిన వంకాయ రంగులో ఉంది. దాని పైన కంటి కిందుగా కాస్త వాపు.

"ఇది బెంగ కాదండీ. పంటినొప్పి."

పశువుల ఆసుపత్రిలో డాక్టరు నిదానస్తుడు. కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని చాలాసేపు చూశాడు. తుడవకుండా వదిలేస్తే పాచి గట్టిపడి గారవుతుందనీ, గార చిగుళ్ల కిందకి దిగి పంటిని వదులు చేస్తుందనీ, కుక్కలు చెప్పుకోలేక తిండి వదిలేస్తాయనీ అన్నాడు. ఆ చెయ్యి పెట్టనివ్వకపోవడం, ముద్ద వదిలేయడం అన్నీ అందుకేనట. మత్తిచ్చి గార తీసేయాలి, నిలవని పళ్లు పీకాలి.

మేస్త్రి ఉండబట్టలేక అడిగాడు. "ఆ కోరపన్ను రుద్దితే తెల్లబడదా డాక్టరుగారూ? బాగా సన్నరకం కాగితంతో..."

"మరకైతే పోతుంది. ఇది మరక కాదు. లోపల నెత్తురు కమిలి పన్నే చచ్చిపోయింది. పైన ఎంత రుద్దినా ఏం లాభం?"

ఆ ముక్క మేస్త్రికి తేలిగ్గానే తలకెక్కింది. నీళ్లు లోపలికి తాగిన కర్రని అతను తాకి చెప్పగలడు. తన పనిలో ఒక్కసారీ చేయని పొరపాటు దొర నోట్లో చేశాడు.

"ఎప్పుడైనా మూతి మీద దెబ్బ తగిలిందా?" అన్నాడు డాక్టరు, రాసుకుంటూ. "పాతదే. ఏడాది పైమాట."

మేస్త్రి గోడ మీద కేలండరు చూశాడు. "తగిలిందండీ. ఎక్కడో."

"తగల్లేదు," అంది ఆమె. గొంతు పెంచలేదు. "విసిరారు."

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమీ రాయకుండా కలం మూతపెట్టి దొరని లోపలికి పంపించాడు.

వరండాలో ఇనప బెంచీ. ఆ చివర ఆమె, ఈ చివర అతను. మధ్యలో దొర గొలుసు.  చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్లిన రోజు వదిన అన్నది ఒకే ఒక్క మాట. మా చెల్లెలు నవ్వి ఎన్నాళ్లయింది మరిదీ అని. అప్పుడు మేస్త్రి చేతిలో కుర్చీకాలు ఒకటి ఉంది, పాలిష్‌కి వచ్చింది. అది చేతిలోంచి ఎగిరింది. దొర అరిచిన అరుపు వీధి చివరికి వినిపించింది.

"తలుపు మీదకి విసిరానని చెప్పుకుంటూ వస్తున్నా," అన్నాడు మేస్త్రి.

"తలుపు దగ్గర ఎవరున్నారు?"

ట్రేతో వస్తున్న నర్సుకి మేస్త్రి కాళ్లు ముడుచుకుని దారిచ్చాడు.

"నువ్వు."

ఆమె తల ఊపింది. కోపంగా లేదు. దానికే అతనికి ఎక్కువ భయం వేసింది.

"అక్క నన్ను రమ్మనలేదండీ. తీసుకెళ్లమని నేనే అడిగాను. మీరు దాన్ని ఊరూరా తిడుతుంటే, ఫోన్లో మిమ్మల్ని కడిగిందే గాని ఈ మాట మాత్రం బయటపెట్టలేదు."

మేస్త్రి గొలుసు కొస చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ చుట్టుకున్నాడు. క్షమించు అనే మాట అతని నోటికి అలవాటు లేనిది. పట్టి పట్టి అన్నాడు. ఆమె విన్నది. వినడం వరకే.

సాయంత్రానికి దొర మత్తు దిగి తూలుతూ బయటికి వచ్చాడు. మూతి వాచి, నాలుక పక్కకి వేలాడుతూ. నర్సు మెత్తగా కలిపిన తిండి గిన్నెలో పెడితే మొదట వాసన చూశాడు. ఆ తర్వాత గిన్నె అడుగు కనిపించేదాకా తల ఎత్తలేదు. ఆమె నవ్వింది. మేస్త్రి మాత్రం గిన్నెవైపే చూస్తూ ఉండిపోయాడు. పళ్లు పీకగానే వీడి జబ్బు పోయింది. అన్ని సాయంత్రాలు గుమ్మం దగ్గర బెంగతో ఉన్నది తానొక్కడే.

"నాతో తీసుకెళ్తాను," అంది. "ఇక నుంచి రోజూ తుడవాలి."

"నేను తుడుస్తాగా."

"మళ్లీ చీము పడితే మీకు వాసన తెలీదండీ."

మేస్త్రి దొరని ఎత్తుకుని బస్సు దాకా నడిచాడు. వాడు బరువుగా, వెచ్చగా, అతని మెడకింద మూతి దూర్చుకుని ఉన్నాడు. ఎక్కడైనా కాస్త ఆగుదామా అని రెండుసార్లు అడగబోయి మానేశాడు. ఆమె సీట్లో సర్దుకున్నాక ఒడిలో పెట్టాడు. వాడి వాలిన చెవి సరిచేసింది ఆమె. అతను కిందకి దిగి కిటికీ ఊచ పట్టుకుని, బస్సు కదిలినా కాసేపు వదల్లేదు.

బస్సు మలుపు తిరిగాక గాని డాక్టరు ఇచ్చిన కాగితం తన జేబులోనే ఉండిపోయిందని గమనించలేదు. నాలుగో తరగతితో ఆగిన చదువు. వీధిదీపం కిందకి జరిగి, వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. తీసినవి ఏడు. పై దవడ ఎడమ కోరపన్ను ఒకటి. దాని పక్క చిన్నపళ్లు రెండు. వెనక దవడపళ్లు నాలుగు. తన దెబ్బకి పోయింది కోరపన్ను, మిగతా ఆరూ సాయంత్రం పూట తుడిచే చెయ్యి ఇంట్లో లేక పోయినవి.