దేవుడి గూట్లో లుక్ ఇన్‌టూ

నూలు మీద కంట్రోలు పెట్టిన రెండో ఏడు, పామర్రు మగ్గాల వీధి మొత్తానికీ ఇంగ్లీషు వచ్చినవాడు అంకమ్మరావు ఒక్కడే. ఫోర్తుఫారం రెండుసార్లు తప్పాడు. ఆ మాత్రం చదువుకే అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంటే, పెద్దవాళ్లు కూడా కాగితాలు పట్టుకుని ఎదురుగా నిలబడేవారు. ఇల్లాళ్లు మజ్జిగ అందించేవారు. హనుమాయమ్మకు వాణ్ణి చూస్తే ఒళ్లు మండేది.

ఆవిడ మొగుడు వీరభద్రయ్య నూరో నంబరు సన్ననూలుతో చీరలు నేసిన చెయ్యి. ఇప్పుడు అడ్డం పోగుకు నూలు లేక మగ్గం మీద సగం చీర మూడు నెలలుగా అలాగే ఉంది. నూలు కోసం బెజవాడ నూలు కంట్రోలు ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నాడు. ఈలోగా అక్కడి వన్ టౌన్ షావుకారు కోటిలింగం కబురంపాడు: మగ్గం మీది నిలువు పోగులు, ఆ పడుగంతా కోసేసి ముతక తువ్వాళ్లు నేస్తానంటే నూలు తనే ఇస్తాడట. శనివారంలోగా ఒప్పుకోకపోతే పని వేరేవాళ్లకి. ఇంట్లో గింజలు ఆదివారం దాకా రావు.

గురువారం ఆఫీసు కాగితం వచ్చింది. వీరభద్రయ్య దాన్ని అరుగు దగ్గరికి పట్టుకెళ్తే, అంకమ్మరావు గొంతు సవరించుకుని చదివాడు.

"లుక్ ఇన్‌టూ! అంటే పైపైన చూడ్డం కాదు బాబాయ్, లోతుకు దిగి విచారించడం. దొరవారు నీ సంగతి స్వయంగా చేతిలోకి తీసుకున్నట్టే."

వీరభద్రయ్య ఆ కాగితానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి గూట్లో పెట్టాడు. తువ్వాళ్లు నెయ్యనన్నాడు. ఓరి నా దేవుడా! పడుగులో ఒక్క పోగు తెగితే చీకట్లో పట్టుకునే మనిషి, ఈ వెధవ మాట నమ్మడమా!

హనుమాయమ్మకు అక్షరమ్ముక్క రాదు. కానీ చీర అంచులో పువ్వును ఒకసారి చూస్తే మరిచిపోని కళ్లు. ఆ మాట ఎక్కడుందో అంకమ్మరావు చేత చూపించుకుంది. శుక్రవారం పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగింది. మాణిక్యమ్మ గూట్లో అదే మాట. రావమ్మ గూట్లోనూ అదే, పైగా బూజు పట్టి. ఏడిళ్లలో ఏడు కాగితాలు, అన్నిటికీ పసుపూ బొట్టూ. నూలు మాత్రం ఒక్క ఇంటికీ రాలేదు.

ఏడూ పట్టుకుని అరుగెక్కింది.

"ఏరా అంకమ్మా, ఈ మాటొచ్చినోళ్లల్లో ఒక్కళ్లకన్నా నూలొచ్చిందా?"

"అర్థం మాత్రం అదే పిన్నీ. పుస్తకంలో అలాగే ఉంది."

"నీ పుస్తకం తగలెయ్య! ఏ పనీ చెయ్యకుండా ఊరుకునేటప్పుడు వాళ్లు రాసే మాటరా ఇది. ఏడిళ్లు తిరిగొచ్చిన దాన్ని, నీకంటే నాకే బాగా తెలుసు. మజ్జిగ తాగి మూతి తుడుచుకోవడం తప్ప నీకేం వచ్చు?"

అంకమ్మరావు కాలు దించాడు.

అదే ఊపున ఇంటికొచ్చి మొగుడి ముందు కాగితాలు పరిచింది. "చూసుకోండి మీ దొరవారి విచారణ! ఇంత తెలివితక్కువ మనిషినా నేను కట్టుకుంది!"

వీరభద్రయ్య వాటికేసి చూడనైనా లేదు. "నాకు తెలుసే," అన్నాడు. "మాణిక్యమ్మకి ఆ కాయితం వచ్చిననాడే తెలుసు. ఆశున్నన్నాళ్లూ నేను సన్నచీరలు నేసేవాణ్ణే గదా. రేపట్నించి తువ్వాళ్లోణ్ణి."

హనుమాయమ్మకు సిగ్గేసింది.

ఆయన చాకు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "నా వల్ల కాదు. నువ్వే కొయ్యి."

ఆవిడే కోసింది. పడుగు తెగుతున్న చప్పుడు వీధిలోకి వినపడకూడదని, అంతసేపూ ఆయన గుమ్మంలో కూర్చుని గట్టిగా దగ్గుతూనే ఉన్నాడు.